ఎర్రకోన యాత్రలో మా నాయన

మా నాయన ఫిబ్రవరి చివర్లో, రంజాను నెల మొదలుకాకముందు పోయాడు. అమ్మ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, పరాయి మగవాళ్ల కంట పడకుండా ఇంట్లోనే ఉండే ఆచారం అది. మాచర్లలో మా ఇంటి లోపలి గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ పక్కన నులకమంచం మీద అమ్మ ఆ ఎండాకాలమంతా గడిపింది.

నేను దుర్గి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నా పేరు సబీహా. మా తమ్ముడు రియాజ్‌కు సాగర్ రోడ్డులో బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. వాడూ, వాడి భార్య జెబా అమ్మతోనే ఉంటారు. నా కాపురం రెండు వీధుల అవతల. ఆ వేసవి సెలవుల్లో మాత్రం పొద్దున్నే వచ్చి, సాయంత్రం దాకా అమ్మ దగ్గరే ఉండేదాన్ని.

నాయన పేరు మౌలాలీ. మేము దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. దూది ఏకి, పరుపులు కుట్టి నాయన మమ్మల్ని చదివించాడు. ఆ దూది దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఊళ్లో ఆయన్ని పరుపుల మౌలాలీ అనేవాళ్లు తక్కువ, సినిమా మౌలాలీ అనేవాళ్లు ఎక్కువ. ఆయన పెళ్లికాకముందు మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ వచ్చి, ఎత్తిపోతల అవతలి కొండల్లో నెల రోజుల పైన డేరాలు వేసుకుని ‘ఎర్రకోన యాత్ర’ అనే సినిమా తీసింది. అడవిలో తప్పిపోయిన ఒక సర్వేయరును వెతుక్కుంటూ ఆరుగురు పోయే కథ. “అందులో నేనూ ఉన్నా” అనేవాడు నాయన. ఏ వేషమని అడిగితే నవ్వి, చేతిలో పని చేసుకునేవాడు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు కాబట్టి, ఆ ఒక్కమాటను అందరూ నమ్మారు. తరగతిలో జంతువుల గురించి చెప్పేటప్పుడు నేను కూడా పిల్లలకు చెప్పాను, మా నాయన అడవి సినిమాలో ఉన్నాడని.

ఆ సినిమాను మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. కొత్తగా వచ్చినప్పుడు అమ్మ గురజాలలో పెళ్లికాని పిల్ల, టూరింగ్ టాకీసుకు పంపేవాళ్లు కాదు. తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం టీవీలో వేశారు. వీధి వీధంతా మా ఇంట్లో చేరింది. సినిమా మొదలైన కాసేపటికి కరెంటు పోయింది, అది అయిపోయాక వచ్చింది.

అమ్మ ఆ సినిమా సంగతి ఎత్తింది మార్చి నెలలో. ఉపవాసం విడిచి, మగ్రిబ్ నమాజు చేసుకుని, మంచం మీద కూర్చుని ఉంది.

“సబీ, కళ్లు మూస్తే ఆస్పత్రి మొహమే వస్తందే” అంది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నరసరావుపేట ఆస్పత్రిలో చివరి వారం నాయన మొహం వాచింది. ముక్కులో గొట్టం, నోటి మీద మాస్కు. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు. ఆ వారమంతా అమ్మ ఆయన పక్కనే ఉంది.

“పెళ్లినాటి మొహం ఎట్టా ఉండేదో చానా గుర్తుచేసుకుందామని చూస్తన్నా. గొట్టాల మొహం వచ్చి అడ్డం నిలబడతంది. ఇన్నేళ్లు కాపురం చేసిన మొహం, యాడికి పోయింది?”

నాయన పడుచుదనపు ఫొటో ఒక్కటీ లేదు. మా తాత ఇంట్లో ఫొటోలు తీయించే అలవాటు లేదు. ఉన్నవాటిలో పాతది రేషన్ కార్డు మీద ఉన్నది. అప్పటికే గడ్డం నెరిసింది.

“ఆ సినిమాలో ఉన్నాడు గదా, కుర్రోడు. అది దొరికిద్దేమో చూడవే” అంది అమ్మ.

మా గోడ పక్కింటి గ్రేసమ్మత్త అప్పుడే చింతపండు చాట చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. పగలు ప్రార్థనలకు పోయినా, సాయంత్రం అమ్మ దగ్గర కూర్చోనిదే ఆమెకు తోచదు.

“నేను చూశా వదినా ఆ సినిమా. మా పుట్టింట్లో, రెంటచింతలలో. మీ ఆయన నాకైతే యాడా కనపడలా. అందరూ గడ్డాలోళ్లే.”

“ఆయనకప్పుడు గడ్డం లేదు.”

“గడ్డం లేనోణ్ణి మొదట్లోనే మొసలి మింగింది గదా. వాడేమో మరి.”

అమ్మ నవ్వలేదు గానీ, చాటలోంచి ఒక చింతపండు రెబ్బ తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టింది. నాయన పోయాక ఆమె చెయ్యి ఒక పనిలోకి పోవడం అదే మొదటిసారి.

ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది నాకు, నరసరావుపేటలో. బస్సు ఆస్పత్రి వీధి ముందు నుంచే పోయేది. ఆ ఏడు పేపర్లో ఊపిరితిత్తుల బొమ్మ గీయమని అడిగారు. భాగాలు సరిగ్గా గుర్తించినవాళ్లకు పూర్తి మార్కులు వేశాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర మా స్కూలు లెక్కల టీచరు ప్రమీలమ్మ గారు ఫోను నా ముందుకు జరిపారు.

“మేడం, ఇదేనా మీ నాన్నగారి సినిమా? ఎవరో మొత్తం పెట్టారు యూట్యూబులో.”

అదే. రంగులు వెలిసిపోయి ఎర్రగా ఉంది. మూల మీద ఎవరిదో గుర్తు కదులుతూ ఉంది. ఆమెకు థాంక్స్ చెప్పి, లింకు పంపించుకున్నాను. అక్కడ చూడలేదు.

ఇంటికి వచ్చాక ఒక ఆదివారం తలుపు వేసుకుని చూశాను. సినిమా బాగానే ఉంది. ఆరుగురు మనుషులు, వాళ్ల వెనక పెట్టెలు మోసే కూలీలు. తెప్ప మీద నది దాటడం, తాడు పట్టుకుని లోయ దాటడం, ఊబిలో ఒకడు దిగబడిపోవడం. మొసలి గ్రేసమ్మత్త చెప్పినట్టే మొదట్లో వచ్చింది. మింగినవాడు మా నాయన కాదు. నాయన ముక్కు నాకు తెలుసు, అది రియాజ్‌కు వచ్చింది. ఆ ముక్కు కోసం ప్రతి మొహం దగ్గరా ఆపి చూశాను. కూలీలను ఒక్కొక్కరినీ చూశాను. అడవి మనుషులు మంట చుట్టూ ఆడే పాట ఒకటి ఉంది, దానిలో అందరినీ చూశాను. ఇంకో అరగంట ఉందనగా ఒక గుహ ముందు ఎలుగుబంటి వీళ్ల మీదికి వస్తుంది, హీరో దాన్ని కాలుస్తాడు. అది నిజమైన ఎలుగు కాదని జీవశాస్త్రం చదవని వాళ్లకు కూడా తెలుస్తుంది. ఎలుగు అలా నడవదు. పైగా, ఎదురుగా తుపాకీ పట్టుకున్న మనిషి ఉంటే అది ఉన్నట్టుండి తల తిప్పి ఎడమ పక్కకు, ఏమీ లేని చోటుకు చూస్తుంది. ఏ జంతువూ అలా చేయదు. తీసినవాళ్ల పొరపాటు అనుకున్నాను.

నాయన ఎక్కడా లేడు.

ఇంకోసారి చూశాను. లేడు.

నాయన అబద్ధం చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. పాత దూది కలిపి కొత్త పరుపని అమ్మే బజారులో, పాతది పాతదని చెప్పి తక్కువకు అమ్మిన మనిషి. ఆయన జీవితమంతా చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప అబద్ధమైతే, అది నేను మోయగలను. అమ్మకు ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. ఆమె రోజూ అడగడం లేదు. నేను గదిలోకి వచ్చినప్పుడు నా చేతిలో ఫోను వైపు ఒకసారి చూసేది, అంతే.

రియాజ్‌కు సినిమా సంగతి జెబా చెప్పినట్టుంది. షెడ్డుకు టిఫిన్ ఇవ్వడానికి పోయినప్పుడు, బండి చక్రం విప్పుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

“ఇద్దత్‌లో ఉన్న మనిషికి సినిమా చూపిస్తావా అక్కా? రేపు జుమ్మా నమాజుకు పోతే ఎవరన్నా అడిగితే ఏం చెప్పేది?”

“ఎవరు చెబుతారు వాళ్లకు?”

“గ్రేసమ్మత్త ఉంది గదా. ఆమెకు మైకు గూడా అక్కర్లా.”

“అమ్మ సినిమా కోసం అడగలేదు రా. నాయన కోసం అడిగింది.”

వాడు చక్రం పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

“ఆయన కోసం దువా చేయాల. ఖురాన్‌లో యాసీన్ చదవాల. పాత సినిమాలో వెతికితే దొరికేదేంది?” గొంతు తగ్గించి అన్నాడు. “అదిగాదక్కా. అందులో నాయన లేడనుకో. అప్పుడేం చేస్తావు? ఆరో తరగతిలో ఒకడు, మీ నాయన సినిమాలో ఉంటే నేను ఇందిరాగాంధీనన్నాడు. పన్ను ఊడగొట్టా. వాడిప్పుడు నా దగ్గరికే బండి తెస్తాడు.”

నేను సినిమా చూశానని వాడికి చెప్పలేదు. నువ్వు చూశావా అని వాడూ అడగలేదు. ఆ తర్వాత రెండు రోజులు వాడు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

గ్రేసమ్మత్తే దారి చూపించింది. ఆమె బాబాయి యేసుపాదం ఆ సినిమాకు పెట్టెలు మోశాడట. ఇంకా ఉన్నాడు, రెంటచింతలలో. “ముసలాయనకు నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు. అప్పటివి అడిగితే మాత్రం ఆపటం మన వల్ల గాదు” అంది.

మే నెలలో రెంటచింతలకు కావాలని పోయేవాళ్లు ఉండరు. బస్సు కిటికీ కడ్డీ మీద చెయ్యి పెట్టలేకపోయాను. యేసుపాదం ఇంటి వసారాలో తడిపిన గోనె పట్టాలు వేలాడదీసి ఉన్నాయి. ఆయన బనియను లేకుండా, మెడలో సిలువతో, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఎవరో చెప్పగానే మనవరాలు శాంతిని కేకేసి మజ్జిగ తెమ్మన్నాడు.

“మౌలాలీ కూతురివా? పోయాడని మా గ్రేసమ్మ చెప్పింది. రాలేకపోయా తల్లీ, కాళ్లు లెగవటంలా.”

“తాతా, మీరు సినిమాలో ఉన్నారు. చూస్తారా?” అన్నాను. పెట్టెలు మోసే వరసలో మూడో మనిషి దగ్గర ఆపి, ఫోను ఆయన చేతికిచ్చాను. ముక్కు కోసం వెతుకుతూ కూలీల మొహాలన్నీ నాకు అప్పటికే కంఠతా వచ్చాయి. కుర్చీలో ఉన్న మనిషి చెవులు, ఆ మూడో మనిషి చెవులు ఒకటే.

ఆయన ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

“నేనేనా ఇది? ఓసే శాంతీ, ఇటు రాయే. మీ తాత ఎట్టున్నాడో చూడు.”

శాంతి వంగి చూసింది. “ఈయనా? మా అన్నేమో అనుకున్నా. ఇంత బాగున్నోడివి ఇట్టా ఎందుకయ్యావు తాతా?”

“మీ నాయనమ్మను చేసుకున్నా గదే” అన్నాడు ఆయన. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ మొహం ఆయన ఇంటివాళ్లకు దొరికినందుకు నాకు సంతోషమే.

తర్వాత అడిగాను. “మా నాయన ఎక్కడా కనపడటంలేదు తాతా. నిజంగా ఉన్నాడా ఇందులో?”

“ఉండకపోవటమేంది? అసలు మేనేజరు వచ్చి వెతుక్కోని పిలుచుకపోయింది మీ నాయన్నే. మీకు తెలుసో లేదో, పీర్ల పండక్కి మౌలాలీ పులేషం కట్టేవాడు. ఒంటికి పసుపు, నలుపు చారలు పూసుకోని దిగాడంటే, మాచర్ల పులి వచ్చిందిరా అని జనం ఎనక్కి జరిగేవాళ్లు. ఆ ఆట చూసి మేనేజరు, ఈ పిలగాడు నాకు కావాలన్నాడు.”

ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనగా నేను వినలేదు.

“సినిమాలో ఏం చేశాడు మరి?”

“అదే మాకు తెలవదు. మేం పెట్టెలెత్తుకోని కొండెక్కేవాళ్లం. మీ నాయన పొద్దున్నే డేరాలోకి పోయేవాడు. అన్నం గూడా లోపలికే. సాయంత్రం బయటికొస్తే, చెరువులో పడి లేచినోడి మాదిరి చెమటకు తడిసి ఉండేవాడు. ఏందిరా మౌలాలీ, లోపల బిర్యానీ వండుతున్నావా, మాకు పెట్టవా అని ఎక్కిరించేవాళ్లం. నవ్వేవాడు. ఆ డేరా పక్కనే ఎలుగును కట్టేశామని, అది సర్కస్ కంపెనీదని, దగ్గరికి పోవద్దని మాకు చెప్పారు. దాని అరుపు ఒక్క పొద్దు గూడా ఇనపడలా మాకు. దాని ఊసు బయటెక్కడా ఎత్తొద్దని మేనేజరు మా చేత గూడా ఒట్టేయించుకున్నాడు. పేపర్లో నిజమైన ఎలుగని వేశారు.”

మజ్జిగ తాగి, ఆయన కాళ్లకు దండం పెట్టుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక నాకు విషయం అర్థమైంది. అర్థమైందని అనడం తొందర. అనుమానం వచ్చింది. మద్రాసు నుంచి ఎంతమంది ఫైటర్లు వచ్చి ఉంటారు, ఆ బొచ్చు తోలులో ఎవరైనా ఉండవచ్చు. సినిమా మొదట్లో వేసే పేర్లలో ఎలుగు వేషం అని లేదు. మా నాయన డేరాలో వేషాలు కుట్టి ఉండవచ్చు, సూది పని ఆయనకు వచ్చు గదా.

ఒకవేళ ఆయనే అయితే, అమ్మ అడిగింది మొహం. అందులో మొహం లేదు.

ఒకరోజంతా ఆలోచించాను. ఎలుగు నాయనే అయి ఉంటాడని ముందే చెబితే, అమ్మ నా మాట నమ్మి చూస్తుంది. అది చూడటం కాదు. చెప్పకుండా చూపిస్తే, సినిమా అయిపోయాక ఏడే మనిషి అని నా వైపు చూస్తుంది. అప్పుడు చెప్పినా ఓదార్పుకు చెప్పినట్టే ఉంటుంది. రెండూ బాగాలేవు. రెండోది కాస్త నిజాయితీగా ఉందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక అమ్మ మంచం మీద ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టాను. ముందు గదిలో టీవీ ఉంది గానీ, నాయన పోయిన రోజు రియాజ్ దానికి దుప్పటి కప్పాడు. మేము ఎవరమూ తీయలేదు.

“దొరికిందా?” అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరో ఇంటికి వస్తున్నట్టు సర్దుకుని కూర్చుంది.

“సినిమా దొరికింది అమ్మా. నాయన నాకు కనపడలేదు. నువ్వు చూడు.”

ఆమె నా వైపు చూసి, తల ఊపి, ఫోను వైపు తిరిగింది. తెప్ప పోయింది, మొసలి పోయింది. పెట్టెల వరస వచ్చినప్పుడు మొహం దగ్గరగా పెట్టి ఒక్కొక్కరినీ చూసింది. “ఇతను గాదు. ఇతనూ గాదు” అనుకుంది. మంట చుట్టూ పాట వచ్చినప్పుడు కూడా అంతే. ఊబిలో మనిషి దిగబడుతుంటే, “పాపం, ఎవరు గన్న బిడ్డో” అంది. నేను ఫోను చూడటం మానేసి ఆమెను చూస్తూ ఉన్నాను. అలసిపోతున్నదని తెలుస్తూనే ఉంది. వెనక్కి ఆనుకుంది. కళ్లు మాత్రం తిప్పలేదు.

గుహ ముందు ఎలుగు బయటికి వచ్చింది.

అమ్మ లేచి కూర్చుంది. కుడి చేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, ఒకటి విడిగా. ఆ దెబ్బలకు సరిగ్గా ఎలుగు అడుగులు వేస్తున్నది. భుజం దించింది, నేలను రెండుసార్లు తొక్కింది, ఎడమకు తల తిప్పింది.

“ఆపు” అంది అమ్మ.

ఆపాను.

“ఎలుగేంది, ఇది పులాట. మాచర్ల పులులది.” ఆమె గొంతులో తొందర లేదు. “పీర్లు ఊరేగేటప్పుడు గురజాలకు వచ్చేవాళ్లు, మా మేడ ముందు ఆడేవాళ్లు. భుజం దించి, రెండు తొక్కుళ్లు తొక్కి పులులన్నీ కుడికి చూడాల, డప్పులోళ్లు ఉండేది కుడిపక్కన గదా. మీ నాయన ఒక్కడే ఎడంపక్కకు చూసేవాడు.”

“ఎందుకు?”

అమ్మ కొంగు సర్దుకుంది.

“మా మేడ ఎడంపక్కనుండేది.”

అమ్మ ఫోనును చేతిలోకి తీసుకుంది.

“పెద్ద పులి ఏషగాడు తిట్టేవాడు, ఆట చెడగొడుతున్నావురా అని. అయినా మానలా. కొండల్లోకి పోయి, ఎలుగు తోలు కప్పుకోని గూడా అటే చూశాడు. ఆడ మేడ యాడుంది, పిచ్చి మనిషికి!”

“నువ్వు ఎప్పుడూ చెప్పలేదు, నాయన పులి వేషం కట్టేవాడని.”

“పెళ్లప్పుడు మీ తాత ఒట్టేయించుకున్నాడు, వేషం మానాలని. మానేశాడు. మానిన పనిని మళ్లా ఎత్తి చూపటం ఎందుకని నేనూ ఎత్తలా. ఇది మాత్రం నాకూ చెప్పలా చూడు.”

యేసుపాదం చెప్పిన డేరా సంగతి, ఒట్టు సంగతి అప్పుడు చెప్పాను. అమ్మ వింటూ తల ఊపింది. ఆమెకు రుజువు అక్కర్లేదని, నేను నా కోసం చెప్పుకుంటున్నానని చెబుతుండగానే తెలిసింది.

రియాజ్ భోజనానికి వచ్చి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో చూడలేదు.

“దొరికాడా?” అన్నాడు.

“దొరికాడు. రా” అంది అమ్మ.

“ఏడీ?”

అమ్మ ఫోను చూపించింది.

“అమ్మా, అది ఎలుగు.”

“మీ నాయనే.”

వాడు నా వైపు చూశాడు. నేను అవునన్నాను. ఎప్పుడూ తూచి మాట్లాడతానని నన్ను ఎగతాళి చేసే తమ్ముడు, ఆ ఒక్కమాటకు ఇంకేమీ అడగలేదు. చేతులకు గ్రీజు ఉందని ఫోను ముట్టుకోకుండా, వెనక చేతులు కట్టుకుని వంగి చూశాడు. తర్వాత ముందు గదిలోకి పోయాడు. దుప్పటి దులిపిన చప్పుడు వినిపించింది.

“ఆ బుల్లిదాంట్లో ఏం కనపడుద్ది? దీనికి పెట్టు అక్కా. జెబా, వీధి తలుపు వెయ్యి” అన్నాడు.

అమ్మను పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాం. పెద్దగా చూస్తే బొమ్మ ఇంకా మసకగా ఉంది. ఎలుగు గుహలోంచి వచ్చింది. రెండు, ఒకటి. రెండు, ఒకటి. ఈసారి రియాజ్ కాలివేళ్లు కూడా నేల మీద కదలడం చూశాను. ఎడమకు చూసింది. రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. హీరో తుపాకీ భుజానికి ఎత్తాడు.

“ఆపవే” అంది అమ్మ.

“ఉత్త సినిమా గదమ్మా” అన్నాడు రియాజ్.

“తెలుసు. కాల్చకముందు ఆపండి.”

ఆపాను. ఎలుగు చేతులు చాచి నిలబడిపోయింది. రియాజ్ టీవీ దగ్గరికి పోయి, తెరిచి ఉన్న దాని నోటి దగ్గర వేలు పెట్టాడు. కోరల మధ్య నల్లగా ఖాళీ ఉంది.

“ఇందులోంచి చూసేవాడేమో” అన్నాడు.

ముగ్గురం ఆ నలుపు వైపు చూశాం. కళ్లు ఉన్నాయని ఒకసారి అనిపించింది, లేవని ఒకసారి అనిపించింది.

“ఆ ఎండలో, అంత బొచ్చులో ఎట్టా ఉన్నాడక్కా?” అని, జవాబు కోసం చూడకుండా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. “మళ్లా పెట్టు. గుహ దగ్గర్నుంచి.”

పెట్టాను. తుపాకీ లేవగానే ఆపాను. మళ్లీ పెట్టాను. జెబా అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచింది.

ఇద్దత్ ముగిసేదాకా కొన్ని మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. అమ్మ అడిగేది కాదు, టీవీ వైపు చూసేది. రియాజ్ షెడ్డు నుంచి ముందుగా వచ్చిన రోజున తనే పెట్టేవాడు. జుమ్మాలో ఎవరూ వాడిని ఏమీ అడగలేదు.

గ్రేసమ్మత్త మాత్రం ఊరుకోలేదు. “ఏం వదినా, కనపడ్డాడంట గదా, ఏ ఏషంలో?” అని రోజూ ఆరా. “కనపడ్డాడులే” అనేది అమ్మ. మరీ గట్టిగా అడిగిన రోజున, “ఆయనే ఎవరికీ చెప్పకుండా పోయాడు, నేను చెప్తానా?” అంది. గ్రేసమ్మత్త అలిగి మూడు నాలుగు రోజులు రాలేదు. చింతపండు చాటను మాత్రం గోడ మీది నుంచి అందించింది.

ఇది రాస్తానని అమ్మకు చెబితే, “రాసుకో. గ్రేసమ్మకు అద్దాలు లేందే అచ్చు కనపడదు” అంది.

కళ్లు మూస్తే ఇప్పుడు ఏ మొహం వస్తున్నదని నేను అడగలేదు. అడగవలసిన పని పడలేదు. జూన్‌లో స్కూలు తెరిచేముందు ఒక మధ్యాహ్నం నేను వచ్చేసరికి, అమ్మ మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోలేదు. కుడిచెయ్యి పట్టె మీద మెల్లగా కదులుతోంది. నేను చెప్పులు బయటే విడిచి, చప్పుడు చేయకుండా పక్కన కూర్చున్నాను.

ఎలుగు తర్వాత ఆ సినిమా ఇంకా అరగంట ఉంది. తప్పిపోయిన సర్వేయరు దొరికాడో లేదో అమ్మకు ఇంతవరకూ తెలియదు.